ప్రవేశానుమతి, బాధ్యత: వలసల నియంత్రణలో దేశాల మధ్య సహకారం

విశాఖపట్నం నగరానికి ఉత్తర దిక్కున, విజయనగరం వైపు సాగే జాతీయ రహదారిని ఆనుకొని మధురవాడ ఉన్నది. ఒకప్పుడు గ్రామంగా ఉన్న ఈ ప్రాంతం నేడు మహానగరంలో అంతర్భాగం. దాని పక్కనున్న ఋషికొండ గుట్టలపై కంప్యూటరు సంస్థల భవనాలు లేచాయి. చదువు ముగించిన యువకుల దృష్టి సహజంగానే ఆ గుట్టల వైపు మళ్ళుతుంది. అక్కడ చోటు దొరకనివారు సముద్రానికి ఆవలి దేశాల వైపు చూస్తారు. రేవు, ఉక్కు కర్మాగారం, కంప్యూటరు కార్యాలయాలు మూడూ ఉన్న నగరం నుంచి కూడా ఉపాధి కోసం పరదేశం పోయేవారి వరుస ఆగలేదు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ఘోరమైన మోసాన్ని బయటపెట్టారు. కాంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలు ఇప్పిస్తామని నమ్మబలికి, మనిషికి లక్షన్నర రూపాయల దాకా వసూలు చేసి, ఏజెంట్లు యువకులను ఆ దేశానికి తరలించారు. నగరం నుంచి, పరిసరాల నుంచి సుమారు 150 మంది ఈ విధంగా వెళ్ళి ఉంటారని పోలీసులు ఆనాడు అంచనా వేశారు. అక్కడ వారి పాస్‌పోర్టులను యజమానులు లాక్కున్నారు. భారతదేశంలోని ప్రజలకు ఫోన్లు చేసి, మాయమాటలతో వారి డబ్బు కాజేయడమే వారికి అప్పగించబడిన పని. ఆ విధంగా భారతీయుల చేతనే భారతీయులను మోసగింపజేశారు. నిరాకరించినవారిని తిండి పెట్టక మాడ్చి, హింసించినట్లు తిరిగివచ్చినవారు చెప్పారు. మే 20వ తేదీన సిహనుక్‌విల్ పట్టణంలోని ఒక ప్రాంగణంలో వందలాది భారతీయులు తిరగబడ్డారు. అక్కడి నుంచి విడిపించబడిన 60 మందిని తొలి విడతగా స్వదేశానికి పంపే ఏర్పాటును భారత రాయబార కార్యాలయం చేసింది. ఆ వారంలోనే కొందరు విశాఖకు చేరుకున్నారు.

ఈ సంఘటనలో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఈ యువకులు చీకటిలో కంచె దాటి పోలేదు. దొంగ పాస్‌పోర్టులు పట్టుకొని పోలేదు. అసలైన పాస్‌పోర్టుతో, అసలైన పర్యాటక వీసాతో, విమానాశ్రయంలో అధికారి ఎదుట నిలబడి, ముద్ర వేయించుకొని పోయారు. స్వదేశపు ద్వారం వద్ద నియమం పాటించబడింది. పరదేశపు ద్వారం వద్ద కూడా పాటించబడింది. అయినప్పటికీ ఆ రెండు ద్వారాల నడుమ మనిషి అమ్ముడుపోయాడు. మరి లోపం ఎక్కడ ఉన్నది? సరిహద్దుల విషయంలో దేశాలు పరస్పరం సహకరించుకోవడమంటే ఏమిటి? ఆ సహకారం ఎవరి నిమిత్తం? ఈ ప్రశ్నలను విచారించవలసి ఉన్నది.

అమాన్ అనే భావన

అన్యదేశీయునికి ప్రవేశానుమతి ఇవ్వడం నేటి వీసాలతో మొదలైన పద్ధతి కాదు. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో 'అమాన్' అనే ప్రకరణం ఉన్నది. అమాన్ అనగా అభయం. పరరాజ్యం నుంచి వర్తకానికో, రాయబారానికో, విద్యకో వచ్చిన వ్యక్తి అమాన్ పొందిన పిదప 'ముస్తఅ్‌మిన్' అనబడతాడు. అతని ప్రాణానికి, ధనానికి రక్షణ కల్పించడం ఆ రాజ్యంపై విధి అవుతుంది. హనఫీ న్యాయవేత్త ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (మరణం హిజ్రీ 189, క్రీ.శ. 805) రాజ్యాల మధ్య సంబంధాలను వివరించే 'సియర్' శాస్త్రంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించారు. అభయమిచ్చే హక్కు పాలకునికి మాత్రమే పరిమితం కాలేదు. మక్కా విజయ సందర్భంలో ఉమ్మె హానీ (రజి) అనే మహిళ ఇచ్చిన అభయాన్ని దైవప్రవక్త (స) ఆమోదించి నిలబెట్టారు.

దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలోని 6వ ఆయతు ఈ అభయానికి హద్దును నిర్ణయిస్తున్నది. శరణు కోరి వచ్చినవానికి ఆశ్రయమివ్వాలనే ఆదేశం అంతటితో ఆగలేదు. అతన్ని అతని సురక్షిత స్థానానికి చేర్చాలని కూడా ఆదేశించబడింది. అంటే అనుమతి ద్వారం వద్ద ప్రారంభమవుతుందే గాని ద్వారం వద్ద ముగిసిపోదు. వచ్చినవాడు క్షేమంగా తన చోటికి చేరేవరకు అభయమిచ్చినవారి బాధ్యత నిలిచి ఉంటుంది.

నేటి పాస్‌పోర్టు, వీసా పద్ధతికి మరొక చరిత్ర ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గూఢచారుల భయంతో యూరపు దేశాలు ప్రయాణపత్రాలను కట్టుదిట్టం చేశాయి. యుద్ధానంతరం 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో పారిస్‌లో జరిగిన సమావేశం పాస్‌పోర్టులకు ఒకే రూపాన్ని సూచించింది. భారతదేశంలో పాస్‌పోర్టులను గూర్చిన తొలి చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. ఈ పద్ధతిలో ప్రధానంగా చూడబడేది వచ్చేవాడు ఎవడు, అతనివల్ల ప్రమాదమున్నదా అనే అంశం. వచ్చినవానికి ప్రమాదమున్నదా అనే ప్రశ్న వెనుకబడిపోయింది. కాంబోడియా సంఘటనను అర్థం చేసుకోవడానికి ఈ భేదాన్ని మనసులో ఉంచుకోవడం అవసరం.

విశాఖ తీరం, బర్మా ఒప్పందం

రెండు ప్రభుత్వాలు కూర్చొని వలసలపై ఒప్పందం చేసుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలాది తెలుగువారు స్టీమర్లలో రంగూనుకు పోయేవారు. ధాన్యపు మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసే పనుల్లో, నగర పారిశుధ్యంలో వారిదే ప్రధానమైన శ్రమ. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. కూలీలను సమకూర్చేవాడు మేస్త్రీ. అతడు ముందుగా బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని, ఆ అప్పు తీరేదాకా వారి కూలిలో కోత పెట్టేవాడు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య చెలరేగిన ఘర్షణ రక్తపాతానికి దారి తీసింది.

1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగం. కాబట్టి రంగూను పోవడం చట్టం దృష్టిలో దేశాంతర వలస కానేకాదు. పరదేశం పోయే కూలీలకు 1922 నాటి చట్టం కల్పించిన రక్షణలు ఈ ప్రయాణానికి వర్తించలేదు. బర్మా వేరుపడిన తరువాత సరిహద్దు ఏర్పడింది. 1941లో ఉభయ ప్రభుత్వాల మధ్య ఇండో-బర్మా ఇమ్మిగ్రేషన్ ఒప్పందం కుదిరింది. పర్మిట్లు లేనిదే ప్రవేశం లేదని, పర్మిట్లు తరగతులవారీగా ఉంటాయని నిర్ణయించబడింది. బర్మాలోని భారతీయుల అభిప్రాయం తెలుసుకోకుండా చేసిన ఒప్పందమని దానిపై భారతదేశంలో తీవ్ర నిరసన వచ్చింది. మహాత్మాగాంధీ కూడా దానిని ఖండించారు.

ఆ ఒప్పందం పూర్తిగా అమలుకు రాకముందే, 1941 డిసెంబరులో జపాను సైన్యాలు బర్మాపై దాడి ప్రారంభించాయి. లక్షల సంఖ్యలో భారతీయులు అడవుల గుండా, కొండల గుండా కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలో ఆకలికి, వ్యాధులకు వేలాదిమంది బలి అయ్యారు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నంపైనే బాంబులు పడ్డాయి. యుద్ధానంతరం మళ్ళీ బర్మాలో స్థిరపడినవారిలో అనేకులు, 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం ఏర్పడిన పిదప ఆస్తులు వదులుకొని ఓడలెక్కవలసి వచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అనే పేరు ఆ తిరుగు ప్రయాణానికి గుర్తుగా నిలిచింది.

ఈ చరిత్రలో నేర్చుకోవలసినది ఉన్నది. 1941 ఒప్పందం నిజంగా రెండు ప్రభుత్వాల సహకారమే. అయితే దాని దృష్టి ప్రధానంగా ఎంతమందిని రానివ్వాలి అనే లెక్కమీద నిలిచింది. ఆపద వచ్చినప్పుడు వచ్చినవారిని ఎవరు, ఏ మార్గాన, ఎక్కడికి చేర్చాలి అనే బాధ్యతకు దానిలో తగిన చోటు దొరకలేదు. ఒప్పందంలో సంఖ్యలున్నాయి, సురక్షిత స్థానం లేదు.

గల్ఫు వలసలు, రెండు చివరల తనిఖీ

1970వ దశకంలో చమురు ధరలు పెరగడంతో గల్ఫు దేశాల్లో నిర్మాణ పనులు విస్తరించాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి వేలాది కుటుంబాల్లో ఒకరైనా అరబ్బు దేశం పోయారు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఈ అనుభవం లేనివి అరుదు. నకిలీ వీసాలు, జీతం మార్పు, ఏజెంట్ల మోసాలు పెరగడంతో భారత పార్లమెంటు 1983లో ఎమిగ్రేషన్ చట్టాన్ని తెచ్చింది. ఏజెంటు రిజిస్టరు చేసుకొని ఉండాలి. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు నిర్ణీత దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అధికారి అనుమతి పొందాలి. ఇట్టివారి పాస్‌పోర్టునే జనం ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు అంటారు. ఏజెంటు తీసుకోదగిన రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను అనే పరిమితి కూడా తరువాతి నిబంధనలలో నిర్ణయించబడింది.

అయితే స్వదేశంలో ఎంత తనిఖీ చేసినా, యజమాని పరదేశంలో ఉంటాడు. ఒప్పంద పత్రం మీద ఒక జీతం, అక్కడ దిగిన తరువాత మరొక జీతం చెప్పినప్పుడు ఇక్కడి అధికారికి చేయగలిగినది స్వల్పం. అందువల్ల రెండో చివర కూడా పట్టుకొనే ఒప్పందాలు అవసరమయ్యాయి. 1985లో భారతదేశం ఖతర్‌తో, 1988లో జోర్డాన్‌తో కార్మికుల విషయమై ఒప్పందాలు చేసుకొన్నది. 2006లో యు.ఏ.ఇ., 2007లో కువైట్, 2008లో ఒమాన్, 2009లో మలేషియా, బహ్రెయిన్‌లతో అవగాహనలు కుదిరాయి. 2014లో సౌదీ అరేబియాతో ఇంటి పనివారి విషయమై ఒప్పందం జరిగింది. ఆ సంవత్సరమే ప్రారంభమైన ఇ-మైగ్రేట్ వ్యవస్థలో యజమాని, ఏజెంటు, రాయబార కార్యాలయం, ప్రొటెక్టర్ అధికారి ఒకే వరుసలోకి తేబడ్డారు. 2003 నాటి కొలంబో ప్రక్రియ, 2008 నాటి అబుదాబి సంభాషణ అనే వేదికల్లో కార్మికులను పంపే దేశాలు, తీసుకొనే దేశాలు కూడా చర్చించుకొనే అలవాటు ఏర్పడింది.

ఈ ఏర్పాట్లతో కష్టాలన్నీ తొలగలేదు. కాని ఒక మేలు జరిగింది. కార్మికుని పేరు, యజమాని పేరు, జీతం వివరం రెండు దేశాల కాగితాల్లోనూ ఉండడం వల్ల ఫిర్యాదుకు ఆధారం ఏర్పడింది. 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, గడువు దాటి ఉన్నవారు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చునని చెప్పినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారెందరో స్వస్థలాలకు చేరారు. పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం తాత్కాలిక ప్రయాణ పత్రాలు ఇచ్చింది. ఒక దేశం గేటు తెరవగా, మరొక దేశం పత్రం ఇవ్వగా, మనిషి ఇల్లు చేరాడు. సహకారమంటే ఆచరణలో ఇదే.

దీనికి విరుద్ధమైన అనుభవమూ ఉన్నది. ఇంటి పనికి పోయే మహిళల రక్షణ కోసం, ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకు 30 ఏండ్ల వయసు నిండితేనే అనుమతి అనే నియమం పెట్టబడింది. ఉద్దేశం మంచిదే. కాని కుటుంబ భారం వయసు చూసి రాదు. అనుమతి దొరకనివారిని ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపసాగారు. అటువంటి స్త్రీ పేరు కార్మికుల జాబితాలో ఉండదు. ఆపద వస్తే ఆమె ఉనికిని చెప్పే కాగితమే ఉండదు. ఒక ద్వారాన్ని మూసినంత మాత్రాన ప్రయాణం ఆగదు. అది చీకటి ద్వారం వైపు తిరుగుతుంది.

కాంబోడియా దారిలో ద్వారాలు

ఇప్పుడు విశాఖ యువకుల దారిని ఒక్కొక్క మెట్టుగా చూడవచ్చు.

మొదటిది ఏజెంటు. రిజిస్ట్రేషన్ లేనివాడు ఉద్యోగాలకు మనుషులను పంపడం నేరం. కాని సామాజిక మాధ్యమాల్లో ప్రకటన ఇచ్చి, పర్యాటక ప్రయాణంగా చూపించినప్పుడు అతడు ప్రొటెక్టర్ కార్యాలయం గడప తొక్కనే తొక్కడు.

రెండోది స్వదేశపు విమానాశ్రయం. 2024 మే నాటికి అనుమతి అవసరమైన దేశాల జాబితాలో 18 దేశాలుండగా, కాంబోడియా వాటిలో లేదు. పైగా ఈ యువకులు చదువుకొన్నవారు. పదో తరగతి దాటినవారికి ఆ అనుమతి అక్కరలేదు. చదువులేని కూలీని రక్షించడానికి 1983లో అల్లిన వల ఇది. కంప్యూటరు వచ్చిన పట్టభద్రుణ్ణి బందీగా కొనుక్కొనే రోజు వస్తుందని ఆనాడు ఎవరూ తలపోయలేదు.

మూడోది నడిమి దేశం. కొందరిని బ్యాంకాక్ మీదుగా తీసుకుపోయి, థాయిలాండ్ సరిహద్దున ఉన్న పోయిపెట్ పట్టణం గుండా కాంబోడియాలో ప్రవేశపెట్టారు. థాయిలాండ్ అధికారి దృష్టిలో వాడు వెళ్ళిపోతున్న పర్యాటకుడు. కాంబోడియా అధికారి దృష్టిలో వాడు వస్తున్న పర్యాటకుడు.

నాలుగోది ప్రాంగణపు గోడ. పాస్‌పోర్టు పోయిన తరువాత, నెల వీసా గడువు తీరిన తరువాత, బందీ అయినవాడే చట్టం కంటికి దోషి అవుతాడు. గడువు దాటి ఉన్నందుకు జరిమానా, చేయించబడిన మోసానికి కేసు అనే భయాలు గోడకంటె ఎత్తుగా నిలుస్తాయి. బయటపడి పోలీసుల దగ్గరికి పోవడానికి కూడా జంకు కలుగుతుంది.

భారత ఇమ్మిగ్రేషన్ శాఖ లెక్కల ప్రకారం, 2022 జనవరి నుంచి 2024 మే వరకు కాంబోడియా, థాయిలాండ్, మయన్మార్, వియత్నాం దేశాలకు సందర్శక వీసాలపై వెళ్ళిన 73,138 మందిలో 29,466 మంది తిరిగిరాలేదని పత్రికల్లో వచ్చింది. వీరంతా బందీలని చెప్పడానికి వీలులేదు. సక్రమంగా ఉద్యోగం మార్చుకొన్నవారు, మరొక దేశం పోయినవారు ఉండవచ్చు. అయినా ఈ సంఖ్య ఒక విషయాన్ని వెల్లడిస్తున్నది. వెళ్ళినవారి పద్దు స్వదేశంలో ఉన్నది. వారు ఎక్కడ ఆగిపోయారో చెప్పగల పద్దు ఆవలి దేశంలో ఉన్నది. ఈ రెండు పద్దులను పక్కపక్కన పెట్టి చూసే పని సకాలంలో జరగలేదు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కాంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇట్టి ప్రాంగణాల్లో నిర్బంధంగా మోసాలు చేయించబడుతూ ఉండవచ్చునని తెలిపింది. అనగా విశాఖ యువకులకు తొమ్మిది నెలల ముందే ప్రపంచానికి హెచ్చరిక అందింది.

ఒప్పందాలు ఏమి చెబుతున్నాయి?

ఒప్పందాలు లేకపోవడం వల్ల ఈ దుస్థితి వచ్చిందని అనుకోవడం సరికాదు. 2000 నవంబరులో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వ్యవస్థీకృత నేరాలపై ఒడంబడికను, దానితోపాటు మనుషుల అక్రమ రవాణాను అరికట్టే ప్రోటోకాలును ఆమోదించింది. పలెర్మో ప్రోటోకాలు అని దీనికి పేరు. భారతదేశం దీనిని 2011లో ధ్రువీకరించింది. కాంబోడియా కూడా దీనిలో భాగస్వామి. మోసంతోనో, బలవంతంతోనో దోపిడీకి తరలించబడినవాని 'సమ్మతి'ని లెక్కలోకి తీసుకోరాదని అది స్పష్టం చేసింది. కాబట్టి తనంతట తానే విమానమెక్కాడు గదా అనే వాదం నిలవదు. సరిహద్దు అధికారులు సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలని, ప్రయాణ పత్రాల నాణ్యతను కాపాడాలని, బాధితుడు స్వదేశం చేరడానికి అతని దేశం అనవసరపు ఆలస్యం లేకుండా ఏర్పాటు చేయాలని కూడా అది నిర్దేశించింది.

అంతేకాదు, 2018 జనవరిలో కాంబోడియా ప్రధాని ఢిల్లీ వచ్చిన సందర్భంలో మనుషుల అక్రమ రవాణా నివారణపై రెండు దేశాలూ ప్రత్యేకంగా అవగాహనా పత్రంపై సంతకాలు చేశాయి. నేర విచారణల్లో పరస్పర సహాయం కోసం కూడా ఒప్పందం కుదిరింది. అంటే విశాఖ యువకులు విమానమెక్కే నాటికి ఈ పత్రాలకు ఆరేండ్ల వయసు ఉన్నది. సంతకం చేసిన కాగితానికి, గోడ వెనుకనున్న మనిషికి మధ్య దూరం ఎంత ఉన్నదో ఈ ఉదంతం కొలిచి చూపింది. చివరకు ఆ యువకులను బయటికి తెచ్చినది వారి తిరుగుబాటు, ఫోన్లలో స్వస్థలానికి పంపుకొన్న మొర, ఆ మొర విని రాయబార కార్యాలయాన్ని కదిలించిన ఇక్కడి పోలీసుల చొరవ.

జాబితా అనే చిన్న పని

సహకారమంటే పెద్ద సభలు, దీర్ఘమైన ప్రకటనలు అని తలచడం కద్దు. చిన్న పని ఒకటి క్రమం తప్పక జరిగితే ఎంత మేలో ఉత్తరాంధ్ర మత్స్యకారులకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి అక్కడి పడవల్లో కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అట్టి పడవలు సముద్రపు సరిహద్దు దాటాయని పాకిస్తాన్ అధికారులు వాటిలోని వారిని పట్టుకొని కరాచీ జైలులో ఉంచారు. సముద్రం మీద గీత కనిపించదు.

భారత, పాకిస్తాన్‌ల మధ్య ఎన్ని వైరాలున్నా, 2008 మే నెలలో కుదిరిన ఒక ఒప్పందం ప్రకారం ప్రతి సంవత్సరం జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ నిర్బంధంలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలను మార్చుకోవాలి. యుద్ధ వాతావరణం అలముకొన్న సంవత్సరాల్లో సైతం ఈ మార్పిడి సాగింది. పేరు జాబితాలో ఉన్నదంటే మనిషి బ్రతికి ఉన్నాడని ఇంటివారికి తెలుస్తుంది. పౌరసత్వం నిర్ధారణ అవుతుంది. విడుదల కోరడానికి ఆధారం దొరుకుతుంది. 2020 జనవరి 6వ తేదీన 20 మంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా సరిహద్దున స్వదేశంలో అడుగుపెట్టారు. పద్నాలుగు నెలల జైలు చిన్న విషయం కాదు. ఆలస్యం ఇంకా తగ్గవలసే ఉన్నది. అయినా శత్రుభావం ఉన్న రెండు దేశాలు చేయగలిగిన ఈ పనిని, మైత్రి ఉన్న దేశాలు చేయలేవా అనే ప్రశ్న తప్పదు.

సహకారానికి హద్దులు

సహకారం పేరిట ఏది జరిగినా మంచిదే అనడం కూడా సరికాదు. దీనిలో మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, ప్రయాణ స్వేచ్ఛ. మోసాలు జరుగుతున్నాయని చెప్పి యువకులను విమానాశ్రయాల్లో నిలిపివేయడం సులభమైన ఉపాయంగా కనిపిస్తుంది. కాని విదేశయానం పౌరుని వ్యక్తిస్వేచ్ఛలో భాగమని భారత సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరువాతనే ఆ ఏటి పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పేదవానిని అనుమానంతో ఆపి, ధనవంతుణ్ణి గౌరవంతో పంపే తనిఖీ న్యాయం కాదు.

రెండోది, సమాచారం. వేలిముద్రలు, ముఖచిత్రాలు, ప్రయాణ వివరాలు దేశాల మధ్య క్షణాల్లో మారుతున్న కాలమిది. పోయిన పాస్‌పోర్టుల వివరాలను ఇంటర్‌పోల్ సంస్థ 2002 నుంచి ఒకచోట భద్రపరుస్తున్నది. దొంగను పట్టే ఈ సమాచారమే, పేరు పోలికవల్ల నిర్దోషిని కూడా నిలబెట్టగలదు. ఒకే పేరు వేలాదిమందికి ఉండే సమాజాలకు ఈ కష్టం బాగా తెలుసు. తప్పు పడినప్పుడు దిద్దించుకొనే మార్గం లేని జాబితా న్యాయానికి సాధనం కాజాలదు.

మూడోది, తిరిగి పంపడం. వచ్చినవారినందరినీ పట్టి ఎదుటి దేశానికి అప్పగించడమే సహకారమైతే, ప్రాణభయంతో వచ్చినవాని గతి ఏమిటి? ఇస్లాం చరిత్ర ప్రారంభంలోనే దీనికి సమాధానమున్నది. మక్కాలో హింసకు గురైన విశ్వాసులు అబిసీనియాకు హిజ్రత్ చేసినప్పుడు, వారిని తమకు అప్పగించవలసిందని ఖురైషీయులు రాయబారులను కానుకలతో పంపారు. రాజు నజాషీ ఎదుటి పక్షం మాట వినకుండా అప్పగించడానికి సమ్మతించలేదు. శరణార్థులను సభకు పిలిపించాడు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) చెప్పినది విన్నాడు. తరువాత రాయబారుల కోరికను నిరాకరించాడు. రెండు రాజ్యాల మధ్య సత్సంబంధాలకంటె ముందు ఆ రాజు చేసిన పని వినడం. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక, ప్రాణానికి ముప్పు ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపరాదని చెప్పిన సూత్రమూ ఈ న్యాయాన్నే పలుకుతున్నది.

కాంబోడియా ప్రాంగణాల నుంచి బయటపడినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వారు చేసిన ఫోన్లవల్ల ఇక్కడ ఎందరో కష్టార్జితాన్ని పోగొట్టుకొన్నారు. ఆ నష్టం నిజమైనది. అయితే తుపాకీ నీడలో చేసిన పనికి, ఇష్టపడి చేసిన పనికి భేదముంది. ఎవరు బందీ, ఎవరు బందీలను కాపలా కాసినవాడు అని తేల్చడానికి ముందు వినడం, అందుకు రెండు దేశాల పోలీసులు సాక్ష్యం పంచుకోవడం అవసరం. లేకుంటే బాధితుడు రెండు దేశాల్లోనూ నేరస్థుడవుతాడు, అసలు దోషి మరొక దేశం మారిపోతాడు.

జరగవలసినది

పై విషయాలను బట్టి జరగవలసిన పనులు తేలుతున్నాయి. అనుమతి అవసరమైన దేశాల జాబితా ప్రమాదాన్ని బట్టి మారుతూ ఉండాలి. ముప్పయ్యేండ్ల నాటి ప్రయాణాలను బట్టి కాదు. పర్యాటక వీసాపై పోయి తిరిగిరానివారి సంఖ్య ఒక దేశం విషయంలో హఠాత్తుగా పెరిగితే, ఆ సమాచారం ఆ దేశపు అధికారులకు, రాయబార కార్యాలయానికి వెంటనే అందాలి. పాస్‌పోర్టు లాక్కోబడినవాడు పోలీసు ఠాణాకు చేరితే, గడువు దాటిన జరిమానాకు ముందు అతని కథ వినబడాలి. నిర్బంధంలో ఉన్నవారి పేర్ల మార్పిడి, భారత, పాకిస్తాన్‌ల మధ్య ఉన్నట్లు తేదీలతో సహా నిర్ణయించబడాలి. డబ్బు పోయిన మార్గాన్ని వెంబడించి దోషుల ఆస్తులు స్వాధీనం చేసుకోవాలి. ఇవేవీ కొత్త సిద్ధాంతాలు కావు. ఇప్పటికే సంతకాలైన కాగితాల్లో ఉన్నవే.

ప్రభుత్వాల బాధ్యత ఇంతటిది కాగా, ఇంటి గడప వద్ద జరగవలసినది కూడా కొంత ఉన్నది. ఉద్యోగానికి పోయేవాడు పర్యాటక వీసా మీద పోరాదు. ఏజెంటు రిజిస్టరైనవాడా కాదా అన్నది ఇ-మైగ్రేట్‌లో చూసి తెలుసుకోవచ్చు. పరిమితికి మించి రుసుము అడిగినవాడు అక్కడే తన స్వభావాన్ని చెప్పుకొన్నట్లు. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, వెళ్ళే చోటి చిరునామా ఇంట్లో ఉంచిపోవాలి. మసీదు కమిటీలు, యువజన సంఘాలు జుమా నాడు నాలుగు మాటలు ఈ విషయమై చెప్పగలిగితే, పొలం అమ్మి, నగలు కుదువబెట్టి మోసగాని చేతిలో పోసే కుటుంబాలు కొన్నయినా నిలబడతాయి. అప్పుచేసి బిడ్డను పంపిన తల్లిదండ్రులు తిరిగివచ్చినవాణ్ణి నిందించకుండా అక్కున చేర్చుకోవడం కూడా ఆ సురక్షిత స్థానంలో భాగమే.

రంగూను స్టీమరు ఎక్కించిన మేస్త్రీకి, బ్యాంకాక్ విమానం ఎక్కించిన ఏజెంటుకు మధ్య వంద సంవత్సరాల దూరం ఉన్నది. ఇద్దరూ బ్రతికినది ఒకే ఖాళీలో. రెండు ప్రభుత్వాల బాధ్యతలు కలుసుకోకుండా మిగిలిపోయిన ఖాళీ అది. ఆ ఖాళీ పూడ్చబడే వరకు కంచెలు ఎంత ఎత్తు పెరిగినా, ముద్రలు ఎన్ని పడినా, మనిషి వాటి నడుమ జారిపోతూనే ఉంటాడు. ప్రవేశానుమతి ఇవ్వడమంటే బాధ్యత స్వీకరించడం. ప్రయాణికుడు తన సురక్షిత స్థానం చేరిన నాడే ఆ బాధ్యత తీరుతుంది.